పాత కారులో ఫ్యూయల్ పంపు ఇంట్లోనే మార్చడం: ఒకే పేరుతో మూడు వేరు వేరు పనులు

కారు ఓ అరగంట బాగానే నడుస్తుంది. తర్వాత పికప్ తగ్గుతుంది, ఒకటి రెండు జర్కులు ఇచ్చి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. పక్కకు ఆపి 20 నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. పాత కారు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ టెన్షన్ తెలుసు. ఎవరినడిగినా "ఫ్యూయల్ పంపు పోయినట్టుంది" అంటారు. సరే, ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడిగితే మాత్రం ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన ఉండదు. ఒకరు రెండు బోల్టుల పని, అరగంటలో అయిపోతుందంటారు. ఇంకొకరు వెనక సీటు ఎత్తితే చాలంటారు. మూడో మనిషి ట్యాంకు మొత్తం దించాలి, ఇంట్లో వద్దే వద్దంటారు.

ముగ్గురూ నిజమే చెబుతున్నారు. కాకపోతే మూడు రకాల కార్ల గురించి చెబుతున్నారు. ఈ గందరగోళం పోవాలంటే పంపు ఎక్కడుంది, ఏం చేస్తుంది, అసలు పోయింది పంపేనా అన్న మూడు విషయాలు విడివిడిగా చూడాలి. నా అనుభవంలో పంపు విప్పి బిగించడం కంటే ఆ మూడో ప్రశ్నే కష్టమైనది. అందుకే ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటిచ్చాను.

పంపు ఎక్కడుంటే పని అలా ఉంటుంది

చాలా కార్లలో పెట్రోల్ ట్యాంకు వెనక, ఇంజిన్ ముందు ఉంటాయి. అంత దూరం పెట్రోల్‌ను తెచ్చి, ఇంజిన్‌కు కావలసిన ఒత్తిడితో అందించడమే పంపు పని. ఎంత ఒత్తిడి కావాలన్నది ఇంజిన్ పెట్రోల్‌ను ఎలా తీసుకుంటుందో దాని మీద ఉంటుంది.

పాత ఇంజిన్లలో పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్‌కు పెద్ద ఒత్తిడి అక్కర్లేదు. లోపల ఫ్లోట్ ఉన్న చిన్న గిన్నె నిండితే చాలు, మిగతాది ఇంజిన్ పీల్చుకునే గాలే చూసుకుంటుంది. అందుకు 0.2 నుంచి 0.4 బార్ సరిపోతుంది (1 బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత). అలాంటి చాలా కార్లలో పంపు ఇంజిన్‌కు పక్కన రెండు బోల్టులతో బిగించి ఉంటుంది, దానికి కరెంటు వైరే ఉండదు. కామ్‌షాఫ్ట్ మీది ఒక ఎత్తు పంపు లివర్‌ను నొక్కి వదులుతూ ఉంటుంది. లివర్ డయాఫ్రమ్‌ను, అంటే లోపలి వంగే రబ్బరు పొరను, లాగినప్పుడు ట్యాంకు వైపు నుంచి పెట్రోల్ లోపలికి వస్తుంది. వదిలినప్పుడు స్ప్రింగు డయాఫ్రమ్‌ను తిరిగి తోస్తుంది, పెట్రోల్ కార్బురేటర్ వైపు పోతుంది. ఒత్తిడిని నిర్ణయించేది ఆ స్ప్రింగే. గిన్నె నిండి సూది వాల్వు మూసుకుంటే డయాఫ్రమ్ కదలకుండా ఆగుతుంది, లివర్ ఊరికే ఆడుతుంది. ఎంతో సాదాసీదా యంత్రం, తన హద్దు తనకు తెలిసిన యంత్రం.

పెట్రోల్‌ను ఇంజెక్టర్ అనే సన్నని ముక్కుతో ఒత్తిడి మీద చిమ్మే ఇంజెక్షన్ వచ్చాక లెక్క మారింది. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పద్ధతి డి-జెట్రానిక్ వచ్చినప్పుడే సుమారు 2 బార్ అవసరమైంది. తర్వాతి కార్లలో, ప్రతి సిలిండర్‌కూ ఒక ఇంజెక్టర్ ఉన్నవాటిలో, 2.5 నుంచి 4 బార్ మామూలు. బాష్‌దే మరో పద్ధతి కె-జెట్రానిక్ ఉన్నవాటిలో 5 బార్ దరిదాపుల్లో ఉంటుంది. కార్బురేటర్ చోటులో ఒకే ఇంజెక్టర్ ఉన్న కార్లకు 1 బార్ అటూ ఇటూ చాలు. ఇంజిన్ పక్కన ఉండే డయాఫ్రమ్ పంపు వల్ల ఇంత ఒత్తిడి అయ్యే పని కాదు కాబట్టి కరెంటు మోటారు పంపులు వచ్చాయి. మొదట్లో వాటిని ట్యాంకు బయట, కారు అడుగున బిగించారు. తర్వాత ట్యాంకు లోపలికే దించేశారు.

లోపలికి దించడానికి బలమైన కారణం ఉంది. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, చాలా ద్రవాల కలగలుపు. అందులో తేలికైనవి 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. పైపులో పెట్రోల్‌ను లాగుతుంటే అక్కడ ఒత్తిడి పడిపోయి ఇంకా తక్కువ వేడికే ఆవిరవుతుంది. పంపుకు ఆవిరిని తోయడం చేతకాదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పంపు ట్యాంకులో ఉంటే లాగడం బదులు తోస్తుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ అంత త్వరగా మరగదు. పైగా చుట్టూ ఉన్న పెట్రోలే మోటారును చల్లబరుస్తుంది, చప్పుడూ తగ్గుతుంది.

పెట్రోల్‌లో కరెంటు మోటారా, నిప్పురవ్వ పుడితే ఎలా అని భయపడేవాళ్లుంటారు. న్యాయమైన భయమే. మోటారు లోపలంతా పెట్రోలే నిండి ఉంటుంది, మండడానికి కావలసిన గాలి అక్కడ ఉండదు. పైన ఖాళీ జాగాలోనూ మామూలు వేడికి పెట్రోల్ ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే, మండడానికి తగినంత గాలి దానిలో కలిసి ఉండదు. ట్యాంకు మూసి ఉన్నప్పటి మాట ఇది. తెరిచినప్పుడు కథ మారుతుంది, దాని సంగతి కింద చెబుతాను.

(నేటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో 100 బార్ దాటే రెండో పంపు ఇంజిన్ మీద ఉంటుంది. డీజిల్ ఇంజెక్షన్ పంపు మరో లోకం. ఆ రెండూ ఈ వ్యాసంలోకి రావు.)

ఒకే లక్షణం, నాలుగు కారణాలు

మొదట చెప్పిన లక్షణానికే తిరిగి వద్దాం. వేడెక్కాక ఆగుతుంది, చల్లారాక నడుస్తుంది.

మోటారు పంపులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే అచ్చం ఇలాగే జరుగుతుంది. అప్పుడు ట్యాంకు అడుగున చేత్తో గట్టిగా తడితే పంపు ఒక్కసారి కదిలి తిరగడం కద్దు. అలా తిరిగితే పంపు మీద అనుమానం బాగా బలపడుతుంది.

కానీ ట్యాంకుకు గాలి అందకపోయినా ఇదే జరుగుతుంది. పెట్రోల్ పోయేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. మూతలోని రంధ్రమో, గాలి పైపో మూసుకుపోతే ట్యాంకులో శూన్యం పెరుగుతుంది, పంపు ఎంత లాగినా పెట్రోల్ కదలదు. కారు ఆగి ఉన్న 20 నిమిషాల్లో గాలి ఎక్కడినుంచో మెల్లగా లోపలికి చేరుతుంది, బండి మళ్లీ నడుస్తుంది. ఆగిన వెంటనే మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, అప్పటికప్పుడే ఇంజిన్ అందుకుంటే తప్పు పంపుది కాదు.

మూడోది వేపర్ లాక్. ఇది ఎక్కువగా కార్బురేటర్ కార్ల జబ్బు, పెట్రోల్ పైపు సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా పోతే మరీను. నాలుగోదానికి పెట్రోల్‌తో సంబంధమే లేదు. స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ గానీ, దాని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ గానీ, ఇంజిన్ తిరుగుడును గమనించే క్రాంక్ సెన్సార్ గానీ వేడికి పనిచేయడం మానేస్తాయి, చల్లారితే తేరుకుంటాయి. కాబట్టి బండి ఆగిపోయిన ఆ నిమిషంలోనే స్పార్క్ ఉందా, పెట్రోల్ వస్తోందా అని చూస్తే తెలిసేది, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు వంద పరీక్షలు చేసినా తెలియదు.

పంపు పోయిందా, పంపు దాకా కరెంటు రావడం లేదా

ఇంజెక్షన్ కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక నుంచి సుమారు 2 సెకన్ల పాటు సన్నగా "జుయ్" మని వినిపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యేలోపు పైపులో ఒత్తిడి నింపడానికి కంప్యూటర్ పంపును అంతసేపు నడుపుతుంది. ఆ చప్పుడు రాకపోతే పంపు చచ్చిందని చాలామంది అక్కడే తీర్పు చెప్పేస్తారు. బ్యాటరీకీ పంపుకూ మధ్య ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు), కొన్ని కార్లలో గుద్దుకున్నప్పుడు పంపును ఆపేసే స్విచ్చు, మీటర్ల కొద్దీ వైరు, రెండు మూడు కనెక్టర్లు, చివర బాడీ ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా తిరిగి వెళ్లే జాయింటు) ఉంటాయి. వీటిలో ఏది తెగినా పంపు మాట్లాడదు. రిలేను అదే రకం ఇంకో రిలేతో మార్చి చూడటానికి నిమిషం పట్టదు. గుద్దుకున్నప్పుడు పడే స్విచ్చు కొన్నిసార్లు పెద్ద గుంతలో దూకినా పడిపోతుంది, దాని బటన్ నొక్కితే మళ్లీ కలుస్తుంది.

పూర్తిగా తెగిన వైరు కంటే సగం తెగిన వైరు మోసం చేస్తుంది. ఒక పాత కారు వెనక సీటు ఎత్తి చూసినప్పుడు పంపు కనెక్టర్ నా చేతికొచ్చింది. తెల్లటి ప్లాస్టిక్, కానీ ఒక్క పిన్ను చుట్టూ మాత్రం గోధుమ రంగుకు తిరిగి, అంచు కరిగి లోపలికి జారింది. వేలితో తాకితే ఆ పిన్ను వదులుగా ఆడింది. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే నిండు వోల్టేజీ చూపించింది. ఇక్కడే చాలామంది వైరింగు బాగానే ఉందనుకుని పంపు కొనేస్తారు. మల్టీమీటర్ దాదాపు కరెంటు తీసుకోదు కాబట్టి ఒక్క పోగు మిగిలినా నిండు వోల్టేజీ చూపిస్తుంది. పంపు తగిలించి, అది తిరుగుతుండగా కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 11.6 వోల్టులు ఉన్నాయనుకుందాం. అంటే 2.2 వోల్టులు దారిలోనే పోయాయి. పంపు 5 ఆంపియర్లు తీసుకుంటుంటే దారిలో అడ్డు 2.2ను 5తో భాగిస్తే 0.44 ఓములు. అక్కడ వేడిగా మారే శక్తి 2.2 ఇంటూ 5, అంటే 11 వాట్లు. 11 వాట్లు చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, అదంతా ఒక పిన్ను మొన మీద పుడితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఇప్పుడు అదే కనెక్టర్‌కు 7 ఆంపియర్లు తీసుకునే కొత్త పంపు తగిలిస్తే పోయేది 3 వోల్టులు దాటుతుంది, వేడి 21 వాట్లు దాటుతుంది. కొత్త పంపు వచ్చి జబ్బును ముదరబెట్టిందన్నమాట. ఆ పంపుకూ చాలినంత వోల్టేజీ అందక మెల్లగా తిరుగుతుంది, చివరికి "డూప్లికేట్ పంపు అంటగట్టారు" అన్న మాట మిగులుతుంది. ప్లస్ వైపు, ఎర్త్ వైపు విడివిడిగా కొలిచినప్పుడు ఒక్కో వైపు అర వోల్టు కంటే ఎక్కువ పోతుంటే ముందు వైరింగునే పట్టించుకోవాలన్నది మంచి కొలత.

గేజ్‌లో ప్రెషర్ ఉన్నా పెట్రోల్ చాలకపోవచ్చు

ఒత్తిడి వేరు, పరిమాణం వేరు. పెట్రోల్ పైపుకు తగిలించే ప్రెషర్ గేజ్ మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది.

60 కిలోవాట్ల ఇంజిన్ పూర్తి బలంతో లాగుతోందనుకుందాం. ఇలాంటి పాత పెట్రోల్ ఇంజిన్ కిలోవాట్ అవర్‌కు సుమారు 300 గ్రాముల పెట్రోల్ తాగుతుందని లెక్క వేస్తే గంటకు 18 కిలోలు, అంటే దాదాపు 24 లీటర్లు. నిమిషానికి 0.4 లీటరు. అదే ఇంజిన్ ఊరికే ఐడిలింగ్‌లో ఉంటే గంటకు ఒక లీటరు చాలు, నిమిషానికి 17 మి.లీ. కొత్తగా ఉన్నప్పుడు నిమిషానికి లీటరున్నర ఇచ్చిన పంపు అరిగిపోయి 0.3 లీటరుకు పడిపోయిందనుకోండి. ఐడిలింగ్‌లో అది అవసరానికి 17 రెట్లు ఎక్కువ. గేజ్ ముల్లు సరైన చోటే నిలబడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం 0.4 కావాలి, 0.3 వస్తుంది. బండి దగ్గుతుంది. ఫిల్టర్ మూసుకుపోయినా ఫలితం ఇదే కాబట్టి, పంపును అనే ముందు ఫిల్టర్ చూడటం న్యాయం.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. పంపు బాగానే ఉన్నా గేజ్ తక్కువ చూపిస్తుంది. చాలా పాత ఇంజెక్షన్ కార్లలో పైపులో ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెషర్ రెగ్యులేటర్‌కు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి ఒక సన్నని రబ్బరు పైపు ఉంటుంది. ఇంజెక్టర్‌కు అటూ ఇటూ ఉన్న ఒత్తిడుల తేడా ఎప్పుడూ ఒకేలా ఉంచడం దాని పని. 3 బార్ రెగ్యులేటర్ ఉండి, ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ ఒత్తిడి బయటి గాలి కంటే 0.6 బార్ తక్కువగా ఉంటే గేజ్ 2.4 చూపిస్తుంది. చూపించాలి కూడా. పుస్తకంలో 3 అని ఉంది, ఇక్కడ 2.4 వచ్చింది అని కంగారుపడి పంపు మార్చినవాళ్లున్నారు. ఆ రబ్బరు పైపు ఊడదీయగానే ముల్లు 3కు ఎక్కితే అంతా సవ్యంగానే ఉన్నట్టు. ఊడదీసిన ఆ పైపులో పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి డయాఫ్రమ్ చిరిగినట్టు.

రాత్రంతా నిలిపిన కారు పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోకపోవడం ఇంకో లక్షణం. పంపులో పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చిన్న వాల్వు కారితే ఇలా అవుతుంది. రెగ్యులేటర్ కారినా, ఇంజెక్టర్ కారినా కూడా అవుతుంది. తాళం రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతోందని తెలుస్తుంది. ఎక్కడన్నది మాత్రం తెలియదు.

50 మి.లీ. పెట్రోల్ ఎంత దూరం వెళ్తుంది

ఇంట్లో ఈ పని చేయవచ్చా లేదా అన్న వాదన అంతా నిజానికి ఈ ఒక్క విషయం చుట్టూనే తిరగాలి. పానా తిప్పడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పెట్రోల్ ఆవిరి మాత్రం నేర్చుకునేవాళ్లకు రెండో అవకాశం ఇవ్వకపోవచ్చు.

పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీలు కిందనున్న చలిలో కూడా అంటుకోగలిగేంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి పోదు, నేల మీద నీళ్లలా పాకుతుంది, పల్లంలో నిలుస్తుంది. గాలిలో దాని వాటా సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క రవ్వ చాలు.

పైపు ఊడదీసినప్పుడు 50 మి.లీ. కారిందనుకుందాం. ఒక చిన్న గ్లాసులో సగం. దాని బరువు 37 గ్రాములు. పూర్తిగా ఆవిరైతే దాదాపు 9 లీటర్ల ఆవిరి. ఆ 9 లీటర్లు గాలిలో 1.4 శాతంగా కలిస్తే 630 లీటర్ల గాలి మండే గాలిగా మారుతుంది. 200 లీటర్ల డ్రమ్ములు మూడు నిండినంత. మూసిన షెడ్డులో అదంతా మోకాలి ఎత్తులోపే, మీరు కారు కింద పడుకుని ఉన్న చోటే ఉంటుంది. మూలనున్న నీళ్ల హీటరు మంట, ఫ్రిజ్ స్విచ్చు, కింద పడి పగిలిన వేడి బల్బు, బ్యాటరీ వైరు తగిలి లేచిన రవ్వ, వీటిలో ఏదైనా చాలు.

ఈ లెక్క చూశాక అనుభవజ్ఞుల పట్టుదలలు చాదస్తంలా అనిపించవు. ఆరుబయట చేయమనడం, గోతిలో నిలబడి చేయవద్దనడం, పెట్రోల్ లైను విప్పకముందే బ్యాటరీ మైనస్ తీసేయమనడం, పెట్రోల్ మంటకు పనికొచ్చే పౌడర్ లేదా ఫోమ్ సిలిండర్ చేతికందే చోట ఉంచుకోమనడం అందుకే. ఇంజెక్షన్ కార్లలో ఇంకొకటి కూడా ఉంది. ఇంజిన్ ఆపాక కూడా పైపులో ఒత్తిడి నిలిచే ఉంటుంది, విప్పగానే ముఖం మీదికి చిమ్ముతుంది. అందుకే ముందు పంపు రిలే లాగేసి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడిపి, తర్వాత బ్యాటరీ తీస్తారు. అప్పటికీ కొంత మిగిలే ఉంటుంది కాబట్టి జాయింటు చుట్టూ గుడ్డ కప్పి విప్పుతారు, కళ్లద్దాలు పెట్టుకుంటారు.

రెండు బోల్టుల పంపు

ఇంజిన్ పక్కనున్న డయాఫ్రమ్ పంపు మార్చడం మూడు పనుల్లో తేలికైనది. ఇది పోయినప్పుడు రెండు రకాలుగా పోతుంది. వాల్వులు పాడైతే పెట్రోల్ చాలదు, అంతే. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ పంపు అడుగునున్న రంధ్రం నుంచి బయటికి కారుతుంది, లేదా ఇంజిన్ లోపలికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోల్ ఘాటు కొడుతుంది, ఆయిల్ మట్టం పెరిగి ఉంటుంది. అప్పుడు పంపు మారిస్తే సగం పనే అయినట్టు. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు, అది కూడా మార్చాల్సిందే.

చిక్కు వచ్చేది రెండు చోట్ల. కామ్ ఎత్తు లివర్‌ను నొక్కే స్థితిలో ఇంజిన్ ఆగి ఉంటే కొత్త పంపు స్ప్రింగుకు ఎదురుగా కూర్చోదు, ఒక బోల్టు పట్టి రెండోది పట్టక మర చెడుతుంది. ఇంజిన్‌ను చేత్తో కొంచెం తిప్పితే లివర్ సుఖంగా కూర్చుంటుంది. రెండోది, పంపుకూ ఇంజిన్‌కూ మధ్య ఉండే మందపాటి దిమ్మ. వేడి పాకకుండా ఆపడానికే అనుకుని కొందరు పల్చటి ప్యాకింగ్‌తో సరిపెడతారు. అది లివర్ ఎంత దూరం కదలాలో కూడా నిర్ణయిస్తుంది. మందం తగ్గితే లివర్ మీద భారం పెరిగి విరుగుతుంది, పెరిగితే పంపు సగమే లాగుతుంది.

ట్యాంకులోని పంపు: తెరిచాక కనిపించేవి

కారు అడుగున బయటే ఉండే మోటారు పంపు, రెండు బోల్టుల పంపుకూ ట్యాంకులోని పంపుకూ మధ్యస్థం. రెండు పైపులు, రెండు వైర్లు. తుప్పుపట్టిన క్లిప్పులే అక్కడ పరీక్ష.

ట్యాంకులోని పంపు విషయంలో ఒక్క ప్రశ్నే అన్నీ తేలుస్తుంది: వెనక సీటు కిందో డిక్కీలోనో మూత ఉందా? ఉంటే మధ్యాహ్నానికి అయ్యే పని. లేకపోతే ట్యాంకు దించాలి. 40 లీటర్ల పెట్రోల్ ఒక్కటే 30 కిలోలు. అదీ నిలకడగా ఉండదు, ఒక పక్క వంగగానే మొత్తం అటే పరుగెడుతుంది. కాబట్టి ముందు ఖాళీ చేయాలి, కారు స్టాండ్ల మీద గట్టిగా నిలవాలి, ట్యాంకు కింద ఇంకో జాకీ ఉండాలి, రెండో మనిషి ఉండాలి. తుప్పుపట్టిన పట్టీ బోల్టు తెగితే పని అక్కడే ఆగుతుంది. ఇలాంటి కారును గ్యారేజీకి అప్పగించడమే నయమని నా అభిప్రాయం. చేయలేమని కాదు, మధ్యలో ఆగితే దారి లేని పని అని.

మూత తీయగానే పంపు మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము కనిపిస్తుంది. పంపును ట్యాంకుకు బిగించి పట్టే రింగును తిప్పే ముందు ఆ దుమ్మును శుభ్రం చేయకపోతే అదంతా ట్యాంకులోకి రాలుతుంది. రింగును ఇనుప ఉలితో కొట్టరు, రవ్వ లేస్తుందని. ఇత్తడి ముక్కో చెక్కో వాడతారు. పంపును వంచి, పెట్రోల్ మట్టం చూపే ఫ్యూయల్ గేజ్ ఫ్లోట్ కడ్డీ వంగకుండా బయటికి తీశాక మొదట చూడాల్సింది పంపును కాదు, దాని కాలి దగ్గరున్న జాలీని. తెల్లగా ఉండాల్సిన జాలీ ఎర్రమట్టి రంగులో ఉండి, వేళ్ల మధ్య రుద్దితే సన్నని తుప్పు అంటితే ట్యాంకు లోపల తుప్పు పట్టినట్టు. కొత్త పంపు పెట్టి ట్యాంకు కడగకపోతే కొన్ని నెలల్లో అదే కథ.

సీలు విషయంలో చాలామంది మోసపోతారు. పంపు చుట్టూ సీలుగా ఉండే పాత రబ్బరు ఓ-రింగు బయటికి తీసిన కాసేపటికి ఉబ్బి, తిరిగి దాని గాడిలో పట్టదు. దాని బదులు మామూలు సిలికాన్ పూస్తే పెట్రోల్‌కు అది మెత్తబడి ఊడి, ముక్కలు జాలీకి చుట్టుకుంటాయి. రబ్బరు పైపుల్లోనూ తరగతులున్నాయి. వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె30 ప్రమాణంలో ఆర్7 రకం కార్బురేటర్ ఒత్తిడికి, ఆర్9 ఇంజెక్షన్ ఒత్తిడికి. ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్కకు ఆర్10. ఆర్7, ఆర్9 పైపులు లోపలి నుంచి పెట్రోల్‌ను తట్టుకునేలా చేసినవి. రోజంతా పెట్రోల్‌లో మునిగి ఉంటే బయటి పొర కరిగిపోతుంది. పంపు కొత్తదే, పైపు చిట్లింది, పెట్రోల్ ట్యాంకులోకే తిరిగి చిమ్ముతోంది, గేజ్‌లో ప్రెషర్ లేదు. బయటినుంచి చూస్తే పంపు పోయినట్టే ఉంటుంది.

ఇంకా తెగని వాదనలు

మొత్తం అసెంబ్లీ (మోటారు, ఫ్లోటు, బ్రాకెట్టు కలిసిన సెట్టు) మార్చాలా, లోపలి మోటారు ఒక్కటేనా? మోటారు ఒక్కటే మారిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. కారుతో వచ్చిన ఫ్లోటు, బ్రాకెట్టు అలాగే ఉంటాయి, ఫ్యూయల్ గేజ్ తప్పు చూపించదు. కానీ లోపలి పైపు, క్లిప్పు, వైరు చివరలు మన చేతి పని మీద ఆధారపడతాయి. ప్లస్ మైనస్ తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, చప్పుడు వస్తుంది, ప్రెషర్ రాదు. అసెంబ్లీ వేస్తే ఈ బెడద లేదు. కాకపోతే నాసిరకం అసెంబ్లీల్లో ఫ్లోటు కొలత సరిపోక సగం ట్యాంకుకే ఖాళీ అని చూపించేవి ఉంటాయి. పాత బ్రాకెట్టు తుప్పు లేకుండా ఉంటే మోటారు, ఉంటే అసెంబ్లీ అన్న మధ్యేమార్గం నాకు సబబుగా తోస్తుంది.

డయాఫ్రమ్ పంపు తీసేసి మోటారు పంపు పెట్టడం? నెలల తరబడి నిలిపి ఉంచే కార్లకు ఇది నిజంగా మేలు, తాళం తిప్పగానే కార్బురేటర్ నిండుతుంది. వేపర్ లాక్ కూడా తగ్గుతుంది. వద్దనేవాళ్ల మాటలోనూ బరువుంది. ఇంజెక్షన్ కారు పంపు తెచ్చి పెడితే 3 బార్ ఒత్తిడికి కార్బురేటర్ సూది వాల్వు నిలవదు, పెట్రోల్ పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. ఇంకా ముఖ్యమైనది, ఇంజిన్ ఆగితే పాత పంపూ ఆగిపోయేది. కారు గుద్దుకుని పైపు తెగినా మోటారు పంపు మాత్రం తాళం ఆన్‌లో ఉన్నంతసేపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్చో, ఇంజిన్ తిరగకపోతే ఆపే రిలేనో, గుద్దుకుంటే పడే స్విచ్చో లేకుండా ఈ మార్పు చేయడం ఏ రకంగానూ సమర్థించలేం.

పావు ట్యాంకు కంటే తగ్గితే పంపు కాలిపోతుందన్న మాట సగం నిజం. చల్లబరిచేది పెట్రోలే. కానీ చాలా కార్లలో పంపు ఒక చిన్న బక్కెట్‌లాంటి దానిలో కూర్చుంటుంది, ట్యాంకు అడుగంటినా ఆ బక్కెట్ నిండే ఉంటుంది. అది లేని పాత డిజైన్లలో, ఎప్పుడూ రిజర్వ్‌లోనే తిప్పే అలవాటున్నచోట, వేడి దెబ్బ నిజమే.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి ఇప్పుడు భయం ఎక్కువ. పాత రబ్బరు డయాఫ్రమ్‌లు, పైపులు, సీళ్లు ఇథనాల్‌కు ఉబ్బడం, పెళుసుబారడం తెలిసిందే. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, అది చాలినంత చేరితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. పంపు కాలు ఉండేదీ అక్కడే. రోజూ తిరిగే కారులో పెట్రోల్ మారుతూ ఉంటుంది కాబట్టి ఈ రెండో సమస్య తక్కువ, నెలలు నిలిచే కారుకు ఎక్కువ. అలాగని పనిచేస్తున్న పంపును ముందుజాగ్రత్తగా పీకేయాల్సిన పని లేదు. మార్చాల్సి వచ్చినప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రమ్, పైపులు ఉన్నవి ఎంచుకోవడంలోనే దీనికి జవాబు ఉంది.

బిగించాక మొదటి పది నిమిషాలు

కొత్త పంపు పెట్టాక ఇంజిన్ వెంటనే అందుకోకపోవడం మామూలే, పైపులన్నీ గాలితో ఉంటాయి. ఇంజెక్షన్ కారులో తాళం నాలుగైదుసార్లు ఆన్ చేసి వదిలితే నిండుతాయి. సెల్ఫ్ కొట్టకముందే, ఒత్తిడి ఎక్కిన ఆ క్షణంలోనే ప్రతి జాయింటునూ చూడటం మంచిది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కంటపడిన చుక్క, ప్రమాదం జరగకముందే అందిన హెచ్చరిక. టార్చి వెలుగులో చూసి, పొడి టిష్యూ కాగితం ఒక్కో జాయింటు చుట్టూ తిప్పితే కంటికి కనిపించని తడి కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. తర్వాత ఇంజిన్ నడిపి ఆపాక ప్రెషర్ గేజ్‌ను ఒక 10 నిమిషాలు అలాగే ఉంచుతారు. ముల్లు కొద్దిగా దిగి నిలబడితే సీటు వేసేయవచ్చు. కళ్ల ముందే సున్నాకు జారిపోతే సీటు ఇంకా వేయకూడదు.